వాషింగ్టన్‌లో అధ్యక్షుడి ప్రమాణస్వీకారం చూడాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

2009 జనవరి 20న బరాక్ ఒబామా మొదటిసారి ప్రమాణస్వీకారం చేసిన రోజు నేనూ మా నాన్నా నేషనల్ మాల్‌లో ఉన్నాం. మాల్ అంటే షాపులు కాదు, ఊరి మధ్యలో ఉన్న పొడవాటి మైదానం. అప్పట్నుంచి నాలుగేళ్ళకోసారి, నవంబరులో ఫలితాలు రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "నువ్వు వెళ్ళావటగా, ఎలా వెళ్ళాలి? పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా? చలి తట్టుకోగలమా?" చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఒకచోట రాసి పెడుతున్నాను. తర్వాతి ప్రమాణస్వీకారం 2029 జనవరి 20, శనివారం. ఎవరు గెలిచినా, ఎవరి మీద అభిమానంతో వెళ్ళినా కింద రాసినవి పనికొస్తాయి.

అంత దూరం వెళ్తే ఏమైనా కనిపిస్తుందా?

నిజం చెప్పనా? కనిపించదు. మేం నిలబడింది వాషింగ్టన్ మాన్యుమెంట్ అనే ఎత్తైన స్తంభం దగ్గర. అక్కణ్ణుంచి ప్రమాణస్వీకారం జరిగే క్యాపిటల్, అంటే అమెరికా పార్లమెంటు భవనం, మైలు పైనే ఉంటుంది. ఆ భవనం గుమ్మటం ఇడ్లీ అంత కనిపించింది. దాని ముందున్న మనుషులు అసలు కనిపించలేదు. అందరం మధ్యలో పెట్టిన పెద్ద పెద్ద తెరల్లోనే చూశాం. అంటే ఇంట్లో సోఫాలో కూర్చుని చూడాల్సిన టీవీని గడ్డకట్టే చలిలో నిలబడి చూశామన్నమాట. పైగా మాల్ పొడవునా స్పీకర్లు ఉండటంతో ఒక్కో మాటా ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి, వెనక నుంచి ఇంకోసారి వినిపించేది.

కానీ టీవీలో లేనిది ఒకటి అక్కడ ఉంది. ఒబామా లేచి నిలబడగానే అన్ని లక్షల మంది చప్పట్లు కొట్టారు. అందరి చేతులకీ ఉన్ని గ్లవ్స్. చప్పట్ల మోత రాలేదు. దూరంగా ఎవరో పరుపులు దులుపుతున్నట్టు ధబ్ ధబ్ మని ఒక మెత్తటి చప్పుడు, ఆగకుండా. చిన్న చిన్న జెండాలు రెపరెపలాడుతున్నాయి. మా ముందు నిలబడ్డ నల్లజాతి పెద్దాయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. ఆ చలిలో ఆ బట్టతల చూసి నాన్న "టోపీ పెట్టుకోమనమ్మా ఆయన్ని" అని నా చెయ్యి గిల్లారు. నేను చెప్పలేదు. ఎలా చెప్తాం?

ఇలాంటివి మీకు అక్కర్లేదనుకుంటే ఇంట్లోనే చూడండి. మొహాలు, మాటలు అక్కడే బాగా తెలుస్తాయి.

టికెట్ కావాలా? ఎంత పెట్టి కొనాలి?

మాల్‌లో వెనకవైపు నిలబడటానికి టికెట్ అక్కర్లేదు. క్యాపిటల్‌కి దగ్గరున్న ముందు భాగానికి మాత్రం కావాలి, అది ఉచితం. మీరుండే ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకో, మీ రాష్ట్ర సెనేటర్ల ఆఫీసుకో రాసి పేరు నమోదు చేయించుకోవాలి. 2009లో దాదాపు 2,40,000 టికెట్లు పంచారు. అయినా ఎటూ చాలలేదు. ఒక్కో ఆఫీసుకి వేలల్లో అర్జీలు వస్తాయి, చేతికొచ్చేవి కొన్ని వందలు. కొందరు లాటరీ తీస్తారు. ఎన్నికలు అయ్యేదాకా ఆగకండి, అంతకుముందే అడగండి. ఎవరు గెలుస్తారన్నదానితో దీనికి సంబంధం లేదు.

ఎవరైనా ఆన్‌లైన్‌లో టికెట్ అమ్ముతానంటే మోసం అనుకోండి.

టికెట్ ఉంటే చోటు ఖాయమేగా?

ఖాయమని నేననను. 2009లో టికెట్లకి నారింజ, వెండి, నీలం, ఊదా, పసుపు రంగులు పెట్టారు. ఒక్కో రంగుకి ఒక్కో గేటు. ఊదా రంగు వాళ్ళని థర్డ్ స్ట్రీట్ సొరంగంలో వరసగా నిలబెట్టారు. మామూలుగా కార్లు వెళ్ళే సొరంగం అది. వేల మంది తెల్లవారుజాము నుంచి అందులోనే ఇరుక్కుపోయారు. లోపల ఫోన్ సిగ్నల్ లేదు, ఏం జరుగుతోందో చెప్పే మనిషి లేడు. చేతిలో టికెట్ ఉంది గానీ పన్నెండయ్యేసరికి వాళ్ళింకా సొరంగంలోనే ఉన్నారు. 'పర్పుల్ టన్నెల్ ఆఫ్ డూమ్' అని ఆ ఉదంతానికి పేరే పడిపోయింది. తర్వాత విచారణ కూడా జరిపారు. ఆ రోజు టికెట్ లేని మేం హాయిగా తెర ముందు నిలబడ్డాం, టికెట్ ఉన్న మా ఆఫీసు సహోద్యోగి సొరంగంలో నిలబడింది. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే ఆవిడకి కోపం.

టికెట్ వస్తే వదులుకోమని కాదు. మీ గేటు ఏ వీధిలో ఉందో ముందురోజే నడిచి చూసుకోండి.

మేం వీసా మీద ఉన్నాం, పౌరులం కాదు. రానిస్తారా?

రానిస్తారు. మాల్‌కి వచ్చేవాళ్ళని పౌరసత్వం అడగరు. నాన్న విజిటర్ వీసా మీదే వచ్చారు. వీసా మీద ఉన్నవాళ్ళు ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఇచ్చే రికార్డు) లాంటి కాగితాలు ఎలాగూ దగ్గర ఉంచుకోవాలి కాబట్టి లోపలి జేబులో జిప్ వేసి పెట్టుకోండి. పైజేబులో పెడితే గ్లవ్స్ తీసినప్పుడల్లా అవీ బయటికొస్తాయి.

ఎన్ని గంటలకి బయలుదేరాలి?

మేం వర్జీనియాలో ఉన్న వియన్నా మెట్రో స్టేషన్‌కి తెల్లవారుజామున మూడున్నరకే చేరాం. మావారు మమ్మల్ని దింపి పాపాయి దగ్గరికి వెనక్కి వెళ్ళారు. నాలుగింటికి మెట్రో మొదలైంది. అప్పటికే ప్లాట్‌ఫామ్ మీద సంక్రాంతికి ఊళ్ళకెళ్ళేటప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో ఉన్నంత జనం. తేడా ఏమిటంటే ఎవరూ తోసుకోలేదు, కిటికీలోంచి ఎవరూ కర్చీఫ్ వెయ్యలేదు. ఆ ఒక్కరోజే వాషింగ్టన్ మెట్రోలో 11 లక్షలకు పైగా ప్రయాణాలు జరిగాయి. ఆ వ్యవస్థ పుట్టాక అప్పటికి అదే రికార్డు.

మాల్‌కి ఆనుకుని ఉన్న స్టేషన్లలో కొన్నిటిని ఆ రోజు మూసేస్తారు. దగ్గర స్టేషన్ కోసం పట్టుబట్టకుండా కొంచెం ముందే దిగి నడవండి. మేం ఫాగీ బాటమ్‌లో దిగి, లింకన్ మెమోరియల్ వైపు నడిచి, అక్కణ్ణుంచి మాన్యుమెంట్ గుట్ట ఎక్కాం. ఆరింటికల్లా అక్కడున్నాం, ఇంకా చీకటే. కార్యక్రమం మొదలయ్యేది పదకొండున్నర ప్రాంతంలో. అంటే అయిదున్నర గంటలు ఊరికే నిలబడాలి. ఈ లెక్క ముందే మనసులో వేసుకోండి.

ఇంకో మాట. ఉత్తరం నుంచి దక్షిణానికి దాటడం ఆ రోజు కుదరదు. పెన్సిల్వేనియా అవెన్యూలో పరేడ్ జరుగుతుంది కాబట్టి ఆ వీధికి రెండు వైపులా కంచెలు వేసేస్తారు. పటంలో రెండు నిమిషాల దూరం కనిపించేది ఆ రోజు రెండు గంటలు పట్టొచ్చు. మీ గేటు, మీ హోటల్, మీ స్టేషన్ ఆ వీధికి ఒకే వైపు ఉండేట్టు చూసుకోండి.

కారులో వెళ్తే?

వద్దు. 2009లో వర్జీనియా నుంచి ఊళ్ళోకి వచ్చే వంతెనల మీద సొంత కార్లని రానివ్వలేదు.

చలి ఎలా ఉంటుంది?

మా రోజున మధ్యాహ్నం పన్నెండింటికి మైనస్ 2 డిగ్రీలు. గాలితో కలిపి ఇంకా తక్కువే అనిపించింది. అంకెగా వింటే పెద్ద చలిలా ఉండదు. వీధిలో పది నిమిషాలు నడవడం వేరు, కదలకుండా ఆరేడు గంటలు నిలబడటం వేరు. చలి పైనుంచి కాదు, కిందనుంచి ఎక్కుతుంది. నేల గడ్డకట్టి ఉంటుంది, ఆ చల్లదనం బూటు అడుగు గుండా పాదాల్లోకి పాకుతుంది. మా పక్కనున్న మిషిగన్ అమ్మాయి అట్టపెట్టె ముక్క ఒకటి పరుచుకుని దాని మీద నిలబడింది. మమ్మల్ని చూసి సగం చింపి ఇచ్చింది. ఆ సగం అట్టే ఆ రోజు నాన్నని నిలబెట్టింది. మీరైతే ఇంటి నుంచే తెచ్చుకోండి, మడత పెడితే కోటు కింద పడుతుంది.

ఒంటిని అంటుకుని థర్మల్స్, పైన ఉన్ని స్వెట్టరు, ఆ పైన గాలి ఆపే కోటు. చెమటకి తడిసే కాటన్ బనీను లోపల వద్దు. సాక్సులు రెండు జతలు వేసుకోవచ్చు గానీ బూట్లు బిగుసుకుపోతే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. షాపుల్లో దొరికే హ్యాండ్ వార్మర్ పొట్లాలు మనిషికి ఆరేసి పెట్టుకోండి, సాక్సుల్లో కూడా పెట్టుకోవచ్చు. నాన్న తెనాలి నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్ పెట్టుకున్నారు. వద్దు, బాగోదు అని ఇంట్లో నేనే గొడవపెట్టాను. పది గంటలకి నేనే "కాసేపు ఇవ్వండి నాన్నా" అని అడిగాను. ఇవ్వలేదు.

తినడానికి ఏం తీసుకెళ్ళాలి? సంచులు రానిస్తారా?

టికెట్ ఉన్న భాగానికి, పరేడ్ దారికి వెళ్ళేవాళ్ళని గట్టిగా తనిఖీ చేస్తారు. వీపు సంచులు, ఫ్లాస్కులు, గొడుగులు, మడత కుర్చీలు, పిల్లల తోపుడు బండ్లు ఏవీ లోపలికి రావు. జాబితా ప్రతిసారీ కొంచెం మారుతుంటుంది. వారం ముందు అధికారిక ప్రకటన చూసుకోండి.

ఇక తిండి. అమ్మ పొద్దున రెండింటికి లేచి పులిహోర కలిపి ఫాయిల్‌లో చుట్టి ఇచ్చింది. తొమ్మిదింటికి విప్పితే మెతుకు మెతుకూ గట్టిపడి మరమరాల్లా కరకరలాడింది. పోపులో శనగపప్పు ఏదో, అన్నం ఏదో పంటికి తెలియలేదు. చలిలో అన్నం పనికిరాదు. జీడిపప్పు, ఖర్జూరం, వేరుశనగ చిక్కీ, మెత్తటి బ్రెడ్ మంచివి. నీళ్ళ సీసా కోటు లోపల పెట్టుకోండి, లేకపోతే మంచు ముక్కలు తాగాల్సి వస్తుంది.

బాత్రూమ్ సంగతి?

అందరూ అడగాలనుకుని ఆఖర్న గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. తాత్కాలిక మరుగుదొడ్లు వేలల్లో పెడతారు. అయినా ఒక్కోదాని ముందు వరస నలభై నిమిషాలు. పొద్దున కాఫీ తాగకండి. చేరగానే ముందు ఆ పని ముగించుకుని తర్వాత చోటు పట్టుకోండి. టిష్యూలు జేబులో ఉండాలి. పది దాటాక కదిలితే మీ చోటుకి మళ్ళీ చేరలేరు.

పెద్దవాళ్ళని, పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

అయిదేళ్ళ లోపు పిల్లల్ని నేనైతే తీసుకెళ్ళను. చలికి ఏడుస్తారు, ఎత్తుకుందామంటే బరువైన కోట్లతో మన చేతులే ఆడవు. పెద్దవాళ్ళు నాలుగైదు మైళ్ళు నడవగలిగితే, ఆరు గంటలు నిలబడగలిగితే సరే. కూర్చోవడానికి నేల తప్ప ఏమీ ఉండదు.

ముఖ్యమైనది తప్పిపోవడం. ఫోన్లు పనిచేయవు. అన్ని లక్షల మంది ఒకేసారి ఫొటోలు పంపుతుంటే నెట్‌వర్క్ చేతులెత్తేస్తుంది. కార్యక్రమం అయ్యాక నాన్న మరుగుదొడ్డి వరసలో నిలబడ్డారు, నేను ఈ చివర ఉన్నాను. ఆయన ఆ చివర బయటికొచ్చి నన్ను వెతుక్కుంటూ ఎటో వెళ్ళిపోయారు. నలభై నిమిషాలు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆయన ఫోన్ కొడితే మోగదు, పోలీసులు "ఇక్కడే ఉండండి" అంటారు తప్ప వాళ్ళైనా ఏం చేస్తారు? చివరికి ఎక్కడ దొరికారనుకున్నారు? మిసిసిపీ నుంచి బస్సులో వచ్చిన చర్చి బృందం మధ్యలో, వాళ్ళ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నారు. "మా రాష్ట్రంలో కూడా ఒక సినిమా హీరో ఇలాగే..." అని ఇంగ్లీషులో వాళ్ళకి ఎన్టీ రామారావు కథ చెప్తున్నారు. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు.

కాబట్టి బయలుదేరేముందే "తప్పిపోతే ఫలానా చోట కలుద్దాం" అని గుర్తుపట్టే చోటు ఒకటి అనుకోండి. మాన్యుమెంట్ లాంటిది కాదు, దాని చుట్టూ లక్ష మంది ఉంటారు. ఏదో ఒక మ్యూజియం మెట్లు మంచివి. మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పిల్లల జేబులోనూ, పెద్దవాళ్ళ జేబులోనూ పెట్టండి.

తొక్కిసలాట జరిగితే? అదే మా భయం.

భయం సహజం. 2015 గోదావరి పుష్కరాల మొదటి రోజు రాజమండ్రి ఘాట్ దగ్గర జరిగింది మనం మరిచిపోలేం. 2009లో వాషింగ్టన్‌లో దాదాపు 18 లక్షల మంది వచ్చారని అంచనా. అయినా అలాంటిదేమీ జరగలేదు. మాల్ వెడల్పుగా ఉంటుంది, జనానికి పక్కకి జరిగే వీలుంటుంది. ప్రమాదం మైదానంలో కాదు, ఇరుకు దారుల్లో ఉంటుంది. గేట్లు, మెట్రో ఎస్కలేటర్లు, రెండు కంచెల మధ్య సందులు. ఆ రోజు ఒక స్టేషన్‌లో ఒక పెద్దావిడ ప్లాట్‌ఫామ్ మీంచి పట్టాల మీద పడిపోయారు. అదృష్టం బాగుండి బతికి బయటపడ్డారు.

నాలుగు వైపులా ఒళ్ళు తగులుతూ, మీ అడుగు మీరు వేయలేని స్థితి వస్తే అది హెచ్చరిక. అప్పటికింకా పక్కకి జరగగలిగితే జరిగిపోండి. జనం కదిలే దిశకి ఎదురు వెళ్ళొద్దు, వాళ్ళతో పాటే కదులుతూ ఏటవాలుగా అంచుకి చేరండి. రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు పెట్టుకుంటే ఊపిరికి చోటుంటుంది. చెప్పు జారినా, ఫోన్ పడినా వంగి తీసుకోకండి. గోడకీ, కంచెకీ ఆనుకోకండి.

కార్యక్రమం ఏ వరసలో జరుగుతుంది?

ముందు ప్రార్థన, పాట, తర్వాత ఉపాధ్యక్షుడి ప్రమాణం, చివర అధ్యక్షుడిది. 2009లో అరీతా ఫ్రాంక్లిన్ పాడింది. ఆవిడ బూడిదరంగు టోపీకున్న పెద్ద బో తెర మీద కనిపించగానే మా చుట్టూ ఆడవాళ్ళందరూ కేక పెట్టారు. యో-యో మా, ఇట్జాక్ పెర్ల్‌మన్ వాయించిన సంగీతం ముందే రికార్డు చేసిందని తర్వాత తెలిసింది. ఆ చలికి వాయిద్యాల శ్రుతి నిలవదట. నాకేం మోసం అనిపించలేదు, నా వేళ్ళే అప్పటికి పనిచేయడం లేదు.

అధ్యక్షుడి ప్రమాణం మొత్తం 35 పదాలు. రాజ్యాంగం ప్రకారం జనవరి 20 మధ్యాహ్నం పన్నెండింటికి పాత పదవీకాలం ముగిసి కొత్తది మొదలవుతుంది. ఆ రోజు ఒబామా ప్రమాణం చెయ్యడానికి పన్నెండు దాటి కొన్ని నిమిషాలైంది. అయినా పన్నెండు కొట్టగానే ఆయన అధ్యక్షుడైపోయినట్టే. 1933 దాకా ఈ వేడుక మార్చి 4న జరిగేది. 1937 నుంచి జనవరికి మార్చారు. మార్చిలోనే ఉంచి ఉంటే మన నడుములు బాగుండేవి.

ప్రమాణం తప్పు చదివారంటారు, మీకు తెలిసిందా?

అక్కడ తెలియలేదు. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ కాగితం లేకుండా చెప్పిస్తూ ఒక పదం ఉండాల్సిన చోట కాకుండా చివర్న చెప్పారు. ఒబామా ఒక్క క్షణం ఆగారు. మాకు స్పీకర్ల ప్రతిధ్వనిలో అన్ని మాటలూ ఎలాగూ రెండు మూడుసార్లు వినిపిస్తున్నాయి కాబట్టి ఇదీ అలాంటిదే అనుకున్నాం. మర్నాడు సాయంత్రం వైట్‌హౌస్ మ్యాప్ రూమ్‌లో మళ్ళీ ప్రమాణం చేయించారు. లక్షల మంది మధ్య జరిగింది ఎక్కడ తేడాపడుతుందోనని, పట్టుమని పాతికమంది లేని గదిలో మళ్ళీ చేయించారు చూడండి.

చలి మరీ ఎక్కువైతే రద్దు చేస్తారా?

రద్దు చేయరు, లోపలికి మారుస్తారు. 1985లో రొనాల్డ్ రీగన్ రెండోసారి, 2025లో డొనాల్డ్ ట్రంప్ రెండోసారి క్యాపిటల్ రొటుండా (గుమ్మటం కింద ఉన్న గుండ్రటి హాలు) లోపల ప్రమాణం చేశారు. 2025లో ఆ నిర్ణయం మూడు రోజుల ముందు, శుక్రవారం ప్రకటించారు. అప్పటికే టికెట్లు, విమానాలు, హోటళ్ళు బుక్ చేసుకున్నవాళ్ళు కొన్ని లక్షలు. టికెట్లు జ్ఞాపకార్థం దాచుకోవడానికే మిగిలాయి. క్యాపిటల్ వన్ అరీనా అనే ఇండోర్ స్టేడియంలో తెర మీద చూడటానికి 20 వేల మందికి చోటుంటే దాని చుట్టూ రాత్రి నుంచే వరసలు. హోటల్ బుక్ చేస్తే రద్దు చేసుకోగలిగేదే చెయ్యండి.

మనవాళ్ళెవరైనా ఆ వేదిక మీద కనిపించారా?

2025లో ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ ప్రమాణం చేస్తుంటే బైబిల్ పట్టుకుని నిలబడింది ఆయన భార్య ఉషా వాన్స్. పుట్టింటి పేరు చిలుకూరి. తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి వెళ్ళినవాళ్ళు. ఆ రోజు మా తెనాలి చుట్టాలందరూ అర్ధరాత్రి దాకా టీవీ ముందున్నారు, రాజకీయాలు నచ్చినవాళ్ళూ నచ్చనివాళ్ళూ. మేరీలాండ్‌లో అయితే హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ 2023 జనవరిలో లెఫ్టినెంట్ గవర్నరుగా అనాపోలిస్‌లో భగవద్గీత మీద ప్రమాణం చేశారు. రాష్ట్రాల వేడుకలకి ఇంత జనం ఉండరు. వేదిక మీది మనిషి మొహం కనపడాల్సిందే అనుకునేవాళ్ళకి నేను ఇవే సిఫార్సు చేస్తాను.

మన దగ్గర జరిగేవాటికీ దీనికీ తేడా ఏమిటి?

దీనికి నాన్నే సరైన మనిషి. 1983 జనవరి 9న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఎన్టీ రామారావు ప్రమాణస్వీకారానికి ఆయన తెనాలి నుంచి రైల్లో వెళ్ళారు. రాజ్‌భవన్ గోడల మధ్య జరగాల్సినది జనం మధ్యకి రావడం అదే మొదలని, ఇసుక వేస్తే రాలనంత జనమని ఇప్పటికీ చెప్తారు. "అక్కడ ఎండ, ఇక్కడ మంచు. అక్కడ అరుపులు, ఇక్కడ వరసలు" అన్నది ఆయన పోలిక. ఇంకోటి కూడా అన్నారు. అక్కడ పాత ముఖ్యమంత్రి ఎటు వెళ్ళాడో ఎవరూ చూడలేదట. ఇక్కడ పదవి దిగిపోయిన జార్జి బుష్ ఎక్కిన హెలికాప్టర్ మా తల మీంచే వెళ్ళింది. జనం తలెత్తి చేతులూపారు, కొందరు ఎగతాళిగా, కొందరు ఊరికే. నాన్న కూడా ఊపారు. ఎందుకు నాన్నా అంటే "వెళ్ళేవాణ్ణి పంపించాలిగా" అన్నారు.

తిరుగు ప్రయాణం?

అసలు కష్టం అదే. వచ్చేటప్పుడు జనం నాలుగింటి నుంచి పదింటి దాకా మెల్లగా వస్తారు, వెళ్ళేటప్పుడు అందరూ ఒంటిగంటకే కదులుతారు. తొందరపడకండి. తెరిచి ఉన్న మ్యూజియం ఏదైనా ఉంటే దూరి రెండు గంటలు కూర్చోండి. మేం ఆ పని చెయ్యలేదు. స్టేషన్ బయట మూడు గంటలు నిలబడి రాత్రి ఏడింటికి ఇల్లు చేరాం. అమ్మ వేడివేడి చారు పోసింది, నాన్న మంకీ క్యాప్ తియ్యకుండానే తాగారు.

గుర్తుగా ఏమైనా దాచుకోవచ్చా?

టోపీలు, బొత్తాలు, టీషర్టులు దారి పొడవునా అమ్ముతారు. మేం కొన్నది ఒక్కటే, ఒబామా బొమ్మ ఉన్న మెట్రో కార్డు. ఆ సందర్భానికి మెట్రోవాళ్ళే వేశారు. నాన్న దాన్ని తెనాలి తీసుకెళ్ళి బీరువాలో పట్టు పంచెల కింద పెట్టారు. అందులో ఇంకా ఒకటో రెండో డాలర్లు మిగిలి ఉన్నాయి. నేను ఇండియా వెళ్ళినప్పుడల్లా "అవి వృథా అయిపోతున్నాయమ్మా" అంటారు, కార్డు మాత్రం ఇవ్వరు.